చామనచాయ

మెదకు జిల్లాలోని మా నిజాంపేటలో ఉపాధ్యాయునికి పాఠశాల విడిచిన తరువాత గూడ పని తప్పదు. బ్యాంకు కాగితములు చదివి చెప్పుట, దరఖాస్తులు వ్రాసిపెట్టుట, పెండ్లిపత్రికలలోని యక్షరదోషములు దిద్దుట, ఇవన్నియు ‘సారు’ అను పదవితో గూడ సంక్రమించిన కొలువు. ఇందులో నా పాలికి ఎక్కువగా వచ్చునది పెండ్లికుమార్తెల వివరపత్రము. దానిని మావారు బయోడేటా యందురు. పేరు, పుట్టిన తేది, నక్షత్రము, చదువు, ఎత్తు, అన్నదమ్ములెందఱు, భూమి యెంత. వీని నడుమ ఒక గడి యుండును: రంగు. వరుని పత్రములో ఈ గడి సాధారణముగా నుండదు. ఉన్నను, ఖాళీగా విడిచినచో అడుగువారు లేరు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రైతు తన పెద్దకుమార్తె పత్రము వ్రాయించుకొనుటకు మా యింటికి వచ్చెను. ఆ బాలిక నాయొద్దనే చదువుకొన్నది. లెక్కలలో చురుకైనది. ఆమె నల్లనిది. ఈ చిన్న వాక్యము వ్రాయుటకు ఇప్పుడును నా కలము ఒక్కక్షణము వెనుదీసినది. ఆ వెనుదీయుటయే ఈ వ్యాసమునకు కారణము. తండ్రి, “సారూ, రంగు కాడ జర మంచిగ రాయుండ్రి” అనెను. నేను ‘చామనచాయ’ అని వ్రాసితిని. వివాహ విషయమున బొంకిన దోషము లేదని శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన ధర్మసూక్ష్మము అప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చినది. ఆ సూక్ష్మమును బలి అంగీకరింపలేదన్న సంగతి మాత్రము జ్ఞప్తికి రాలేదు.

వరునివారు వచ్చిరి, చూచిరి, ఫలహారము చేసిరి, పోయిరి. “చామనచాయ అని రాసిండ్రు గద” అని మధ్యవర్తితో చెప్పి పంపిరి. రెండవవారును అట్లే. మూడవవారు వచ్చులోపల ఆ పిల్ల నా మాటకును తన ముఖమునకును గల యెడమును తానే పూడ్చుకొన నిశ్చయించుకొన్నది. ఒక గొట్టములోని లేపనము కొని ప్రతిరాత్రియు పూసికొనసాగెను. మొదటి నెలలో ముఖము తేటపడినది. ఇరుగుపొరుగువారు మెచ్చుకొనిరి. ఆఱేడు నెలలు గడచునప్పటికి పొయ్యి దగ్గఱ కూర్చుండలేదు, ఎండలోనికి రాలేదు. మానివేసినచో మిరపకారము పూసినట్లు మండును. మరల పూసినచో చల్లబడును. తల్లి నా యొద్దకు వచ్చి, “పట్నంల మీకెరుకైన డాక్టరు ఉన్నడా సారూ?” అని అడిగిన దినమున ఆ పిల్ల కొంగుతో ముఖము కప్పుకొని గడపకు ఆవలనే నిలిచియుండెను.

రామాయంపేట మీదుగా బస్సులో వారితో హైదరాబాదు పోతిని. చర్మవైద్యుడు ముఖము చూచుటకు ముందే ఆ గొట్టమును అడిగి తీసికొని, అటునిటు త్రిప్పి బల్లమీద పెట్టెను. ఆయన కోపింపలేదు. దినదినమును ఇట్టి ముఖములు చూచి చూచి కోపమును అరిగించుకొన్నవానివలె నుండెను. అది సౌందర్యసాధనము కాదు, ఔషధము. తామర కాని చర్మరోగమునకు, కొన్ని వారములకు మించకుండ, వైద్యుని కనిపెట్టుబడిలో వాడదగిన స్టెరాయిడు. అది చర్మములోని సన్నని రక్తనాళములను ముడుచుకొనజేయును, వర్ణకణముల పనిని అణచును. అందుచేత తొలుత తెల్లబడినట్లు కనబడును. ఆపైన చర్మము పలుచనగును. నాళములు ఎఱ్ఱని దారములవలె పైకి తేలును. మొటిమలు లేచును, ఆడుపిల్లల బుగ్గలపై వెండ్రుకలు మొలచును. ఒక్కసారిగ మానినచో ముడుచుకొన్న నాళములు విప్పారి ముఖమంతయు మండిపోవును. కావుననే మానలేరు. కల్లుకు అలవడినవాని వలెనే ముఖము లేపనమునకు అలవడును. మన వైద్యులు ఈ వ్యాధికి ప్రత్యేకముగా ఒక పేరే పెట్టవలసివచ్చినదనిన, ఇది యెంత విరివిగా నున్నదో చదువరులు ఊహింపగలరు.

“ఎవరిచ్చిరమ్మా?” అని వైద్యుడు అడిగెను. “మెడికల్ షాపుల అందరికి ఇస్తరు సార్” అని ఆమె బదులు చెప్పెను.

అందరికిని ఇత్తురు. ఇది నిజము. 1940 నాటి ఔషధ సౌందర్యసాధనముల చట్టము క్రింది నియమములలో ‘హెచ్’ అను అనుబంధమొకటి కలదు. అందలి మందులను వైద్యుని చీటీ లేక చిల్లరగా అమ్మరాదు. కాని పైపూతలకు ఆ నిర్బంధమునుండి చాలకాలము మినహాయింపు ఉండెను. పైన పూసికొనునదే గదా, లోపలికి మ్రింగునది కాదు గదా యని కాబోలు! చర్మమును గోడగా నెంచి సున్నము వేసినట్లు భావించిన కాలమది. చర్మవైద్యులు పలుమారులు మొఱపెట్టిన పిమ్మట 2018 మార్చిలో ప్రభుత్వము 14 స్టెరాయిడు పూతలను ఆ మినహాయింపునుండి తొలగించెను. అప్పటినుండి పెట్టెమీద, రిజిష్టరైన వైద్యుని చీటీపై మాత్రమే విక్రయింపవలయునను హెచ్చరిక ఉండవలెను. ఇక్కడ ఒక చిక్కు కలదు. ఆ మాటకు ఇంగ్లీషు పొడియక్షరములు ఆర్.ఎం.పి. మా పల్లెలలో ఆర్.ఎం.పి. అనగా చట్టము చెప్పెడి పట్టభద్రుడు కాడు. సంచి పట్టుకొని యింటింటికి వచ్చి సూదివేయు పెద్దమనిషి. చట్టము ఎవరి చీటీ కావలయునన్నదో, మావారికి ఎవరి చీటీ దొరకునో, రెంటికిని పొడియక్షరములు మాత్రము ఒక్కటే.

స్టెరాయిడు పెట్టెమీద పేరైనను ఉండును. పేరు చెప్పని విషము వేఱొకటి కలదు, అది పాదరసము. వర్ణమును పుట్టించు మెలనిను తయారగుటకు రాగియంశముగల యొక కిణ్వము అవసరము. పాదరసము ఆ కిణ్వము పనిని చెడగొట్టును. చౌకగా, వేగముగా తెల్లదనము చూపును. చర్మముగుండ లోనికి ప్రవేశించి మూత్రపిండములను, నరములను పట్టుకొనును. పూసికొన్నవారిని మాత్రమే కాదు. ఆవిరియై పడకగదిలోని పసిబిడ్డను సయితము చేరగలదు. ఇది వట్టి భయపెట్టుట కాదు. కేరళములోని మలప్పురము జిల్లా కొట్టక్కల్ ఆసుపత్రి వైద్యులు 2021 జులై మొదలు 2023 సెప్టెంబరు వఱకు తమ యొద్దకు ఒక జాతి మూత్రపిండవ్యాధితో వచ్చిన 22 మందిని పరీక్షించిరి. వారిలో 15 మందికి సామాన్యముగా కనబడని యొక లక్షణము కనబడెను. ఆ 15 మందిలో 13 మంది తెల్లబఱచు లేపనములు వాడుచుండిన వారే. కాళ్ళు వాచి, మూత్రము నురుగుకట్టి వచ్చినవారిని ‘ముఖమునకేమి పూసికొనుచున్నారు?’ అని అడుగవలెనని ఏ వైద్యునికి తోచును? తోచిన ఆ వైద్యులకు మనమెల్లరము ఋణపడియున్నాము.

జపాను దేశమందలి మినమాటా యను తీరపట్టణములో, కర్మాగారపు పాదరసము చేపలలోనికి, చేపలనుండి మనుష్యులలోనికి ప్రాకుటచే కలిగిన వ్యాధి 1956లో బయటపడెను. ఆ యూరి పేరనే 2013లో అంతర్జాతీయ ఒడంబడిక యేర్పడినది. భారతదేశము 2018లో దానిని స్థిరపఱచినది. మొదట పదిలక్షల పాళ్ళలో ఒక పాలుకు మించి పాదరసముగల సౌందర్యసాధనములను 2020 నాటికి మాన్పవలయునని విధించి, పిదప 2023లో ఆ యొక్క పాలును గూడ విడువక, పాదరసము కలిపినవాని నెల్ల 2025 నాటికి తొలగింపవలయునని తీర్మానించిరి. మన దేశపు 2020 నాటి సౌందర్యసాధన నియమములును పాదరసమునకు హద్దు గీచినవి. హద్దులున్నవి. ఆ హద్దు దాటి, పేరును చిరునామాయు లేని డబ్బీలో సంతకు వచ్చు సరకును పరీక్షించు చేతులే తక్కువ.

ఇక పట్టణములలో సూదిమందు వచ్చినది. గ్లూటాథయోను అను పదార్థమును నరములోనికి ఎక్కించి మేనినంతయు తెల్లబఱతుమందురు. చట్టము ప్రకారము సౌందర్యసాధనమనగా పూయునది, చల్లునది, రుద్దునది. సూదితో లోనికి పంపునది ఆ నిర్వచనమున ఇముడనే యిముడదు. అయినను బల్లలపై దాని ధరలపట్టిక పెండ్లిముస్తాబు పట్టికతో కలిసియుండును.

ఈ సంగతులను నేనొక మిత్రునితో చెప్పగా ఆయన యిట్లనెను: “ఎవరి ముఖము వారిది. వయసు వచ్చిన స్త్రీ తన డబ్బుతో తన ముఖమునకు ఏదో పూసికొనిన, నడుమ ప్రభుత్వమెందుకు, నీవెందుకు? సారాయి త్రాగువానిని ఊరకుందురు, చుట్ట కాల్చువానిని ఊరకుందురు. ఆడుపిల్ల అద్దములో చూచుకొన్నప్పుడే మీకు ధర్మము గుర్తువచ్చును.” ఈ పొడుపు సరియైన చోటనే తగిలినది. స్త్రీల మేలు కోరుచున్నామను పేర స్త్రీల ముఖములపై పెత్తనము చేయుట మనలో కొత్త కాదు. కావున నేను దీనిని గూర్చి చాల దినములు ఆలోచించితిని.

సమ్మతి యనునది రెండు కాళ్ళపై నిలుచును. ఏమి పుచ్చుకొనుచున్నానో తెలియుట యొకటి. వలదనగల శక్తి యొకటి. పాదరసపు డబ్బీకి మొదటి కాలు లేదు. పేరు చెప్పని వస్తువునకు ఎవరు సమ్మతింపగలరు? ఇచ్చట చట్టము ఆమె స్వేచ్ఛకు అడ్డువచ్చుట లేదు, ఆమె స్వేచ్ఛకు కావలసిన తెలివిని తెచ్చి యిచ్చుచున్నది. ఇంతవఱకు నా మిత్రుడును ఒప్పుకొనెను. రెండవ కాలే కష్టము. మా పిల్ల సంగతి చూడుడు. ఆ గొట్టముమీది వ్రాత ఆమె చదువగలదు, పదవతరగతి ప్రథమశ్రేణిలో నెగ్గినది. ‘పలుచబడును, మండును’ అని తెలుగులో వ్రాసియున్నను కొనియుండెడిదని నా నమ్మకము. రెండు సంబంధములు తప్పిపోయిన యింటిలో, వెనుక చెల్లెలు ఎదుగుచుండగా, తల్లి రాత్రులు నిట్టూర్చుచుండగా, ఆ పిల్ల ‘వలదు’ అను మాట ఎచ్చటినుండి తెచ్చుకొనును? ఆమె స్వేచ్ఛతో కొన్నదనిన, వఱదలో కొట్టుకొనిపోవువాడు స్వేచ్ఛతో దుంగను పట్టుకొనెననుట వంటిది.

అట్లయిన అన్నిటిని నిషేధింపుడా? అట్లును అనజాలను. మొటిమ మచ్చలకు, సూర్యుని వేడిమిచే కమిలిన చర్మమునకు వైద్యము కోరువారు కలరు. వారిది వెఱ్ఱి కాదు. మఱియొక ప్రశ్న నన్ను వీటికంటె ఎక్కువగా బాధించినది. రేపు రసాయనశాస్త్రజ్ఞులు ఏ హానియులేని తెల్లని లేపనమును కనుగొని, ప్రభుత్వము పరీక్షించి ముద్రవేసి, చౌకగా అమ్మించెననుకొనుడు. అప్పుడు మనకు తృప్తియేనా? మండుట లేదు, మూత్రపిండము చెడుట లేదు. మూడవ సంబంధము కుదిరినది. అయినను ఏదో అన్యాయము జరిగినదని మనస్సు చెప్పుచునే యున్నది. కావున హాని యొకటి, అవమానము వేఱొకటి. క్షేమమునే మాటాడువాడు అవమానమును మఱచును. అవమానమునే మాటాడువాడు, ‘ముందు మీ భావములను మార్చుకొనుడు’ అని మండుచున్న ముఖమునకు ఉపన్యాసమిచ్చును. నాకు రెండవవానిమీద కోపము ఎక్కువ. భావము మారుటకు తరములు పట్టును, చర్మము పలుచబడుటకు నెలలు చాలును.

అబద్ధమును అమ్ముటను మాత్రము చట్టము తప్పక పట్టుకొనవలయును. 1975లో హిందుస్థాన్ లీవరువారు ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అను లేపనమును అంగడిలో పెట్టిరి. తెల్లనిది, ముద్దైనది అని ఆ రెండు మాటలను జంటగట్టుట యందే దాని వ్యాపారమంతయు ఉన్నది. కొడుకు లేడని తండ్రి విచారించుట, కుమార్తె లేపనము పూసికొని విమానములో ఉద్యోగము సంపాదించుట, ఇట్టి ప్రకటన యొకటి దూరదర్శినులలో ఆడినది. ఐద్వా మహిళాసంఘమువారు 2002లో జాతీయ మానవహక్కుల సంఘమునకు ఫిర్యాదు చేసిరి. 2003లో అట్టి ప్రకటనలు నిలిచినవి. 2014లో ప్రకటనకర్తల మండలియే, నల్లనివారిని దుఃఖితులుగను, పెండ్లికి ఉద్యోగమునకు తగనివారుగను చూపరాదని నియమము చేసికొన్నది. 2020లో ఆ లేపనము పేరు మార్చి ‘గ్లో అండ్ లవ్లీ’ యనిరి. తెలుపు పోయి కాంతి వచ్చినది; గొట్టము గులాబిరంగు మాత్రము పోలేదు. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టమును సవరించి, తెల్లబఱతుమను ప్రకటనలకు మొదటి తప్పునకు రెండేండ్ల కారాగారమును పది లక్షల జరిమానాయు విధింపదలచిన ముసాయిదా వెలువడెను. పురుషులును దీనికి అతీతులు కారు. ఢిల్లీలో ఒకడు 79 రూపాయలకు పురుషుల తెల్లలేపనము కొని, మూడు వారములలో తెల్లబడలేదని వ్యాజ్యెమువేయగా, 2024 డిసెంబరులో అచ్చటి వినియోగదారుల న్యాయస్థానము తయారీదారగు ఇమామీ సంస్థకు పదునాలుగున్నర లక్షల దండనము విధించెను. అతడు కొన్నది 2013లో. అంతకాలము ఒక చిన్న గొట్టమును పట్టుకొని వదలని ఆ మనుష్యుని పట్టుదలకు నాకు ముచ్చట వేయును.

కాని చట్టమెంతవఱకు పోగలదు? వితంతువివాహమును అనుమతించు చట్టము 1856లో వచ్చెను. తెలుగుదేశమున వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరములో మొదటి వివాహము చేయించినది 1881 డిసెంబరు 11వ తేదిని. నడుమ ఇరువదియైదేండ్లు చట్టము కాగితములో నిద్రించినది. అయితే ఆ చట్టమే లేనిచో పంతులుగారు చేయించిన పెండ్లికి వారసత్వమేది? గొట్టమును చట్టము ప్రశ్నింపగలదు. పెండ్లిచూపులలో చాపమీద కూర్చున్న కన్నులను ఏ యినస్పెక్టరు తనిఖీ చేయగలడు?

ఆ కన్నులలో నావియు కలవు. హైదరాబాదునుండి తిరిగివచ్చుచున్నప్పుడు బస్సులో ఆ పిల్ల నవ్వుచునే, “ఆరో తరగతిల నేను భారతమాత వేస్తనన్న సార్, మీకు యాదుందా?” అనెను. నాకు జ్ఞప్తి లేదు. పంద్రాగస్టు నాటకమునకు ప్రతియేటను భారతమాతను ఎన్నుకొనువాడను నేనే. వరుసగా ఎవరెవరిని ఎన్నుకొంటినో మనస్సులో లెక్కవేసికొంటిని; ఎల్లరును తెల్లనివారే. భారతదేశపు తల్లికి భారతదేశములో ఎక్కువమందికి లేని రంగు ఎందుకు కావలసివచ్చినదో నన్నెవరును అడుగలేదు, నేనును అడిగికొనలేదు. ఆ పిల్లకు తెర లాగెడి పని యిచ్చితినట.

నేను సంస్కృతము చదివినవాడను గనుక తప్పించుకొనుటకు గ్రంథములకు పోతిని. ద్రౌపదికి కృష్ణ యని పేరు, వ్యాసుడు కృష్ణుడు, అర్జునుడు కృష్ణుడు, రాముడు శ్యాముడు. ‘నలుపు నారాయణుడు మెచ్చు’నని మన ఆడువారును అందురు, నల్లపిల్లను ఓదార్చుటకే అందురు గాని తెల్లపిల్లను ఎవరును ఓదార్పరు గదా! కాళిదాసు మేఘసందేశములో యక్షుడు తన ప్రియురాలిని ‘శ్యామ’ యనెను. మా జిల్లాలోని కొల్చారమున పుట్టిన కోలాచల మల్లినాథసూరి ఆ మాటకు ‘యువతి’ యని అర్థము వ్రాసెను. నిఘంటువు ప్రకారము అది సాధువే. ఆ మహావ్యాఖ్యాతను తప్పుపట్టుటకు నేనెవ్వడను? అయినను ఇరువదియేండ్లుగా పిల్లలకు ‘శ్యామ యనగా యువతి’ యని చెప్పుచు వచ్చిన నాకు, నల్లని సుందరి అను అర్థము గూడ ఆ మాటలో కూర్చునియున్నదని ఒక్కనాడును తోచకపోవుట మల్లినాథుని తప్పు కాదు. చామన యను మన మాటయు ఆ శ్యామమునకు చుట్టమే. నలుపును చెప్పుటకు పుట్టిన మాటను నలుపును దాచుటకు వాడుకొంటిమి.

ఆ పిల్లకు మండుట తగ్గుటకు ఏడాదికి పైగా పట్టినది. బుగ్గలమీద సన్నని ఎఱ్ఱగీతలు ఇంకను కలవు. సిద్దిపేటలో ఒక దుకాణములో లెక్కలు వ్రాయుచున్నది. పెండ్లి మాట ఎత్తినచో లేచి లోపలికి పోవుచున్నదని తల్లి చెప్పును. మొన్న ఆమె తండ్రి మరల మా యింటికి వచ్చెను. ఈమాఱు రెండవ కుమార్తె పత్రము. నేను గీతలు గీచి, పేరు, తేది, చదువు, ఎత్తు అన్నియు వ్రాసి, రంగు గడిని పెట్టకయే ముగించి ఆయన చేతికి ఇచ్చితిని. ఆయన పైనుండి క్రిందివఱకు రెండుమాఱులు చదివెను. నన్నేమియు అనలేదు. నా జేబులోని కలము అడిగి తీసికొని, అన్నిటికంటె క్రింద, ఫోను నంబరునకు దిగువ నున్న ఖాళీచోట, అలవాటులేని చేతితో మెల్లగా వ్రాసెను: రంగు, చామనచాయ. తడి ఆఱువఱకు ఆ కాగితమును ఊదుచు కూర్చుండి, పిదప మడిచి అంగీజేబులో పెట్టుకొని, “పోయొస్త సారూ” అని లేచెను.